ఓవర్‌హాల్ అయిన ట్రాక్టరు ఇంజనులో నీరు తగ్గుచున్నదా?



ధవళేశ్వరము వద్ద 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట మూలమున గోదావరి నీరు కాలువల వెంట నరసాపురము దాకా వచ్చి మన పొలములను తడుపుచున్నది. కాని కాలువ చివరనున్న భూములకు నీరు అందరికంటె ఆలస్యముగా చేరును. జూన్ నెలలో లాకులు ఎత్తినను, మన బోదెలోనికి నీరు వచ్చుసరికి ఎగువ ఊళ్ళవారు ఆకుమళ్ళు పోసి దమ్ములకు సిద్ధమగుచుందురు. అప్పుడు మనకు మిగులు దినములు తక్కువ. ఆ కొద్ది దినములలో ట్రాక్టరు నిలిచిపోయినచో ఊడ్పులు వెనుకబడును. మార్టేరు పరిశోధనా కేంద్రము 1982లో విడుదల చేసిన స్వర్ణ వంటి వంగడము పంటకాలము సుమారు 150 దినములు. ఊడ్పు పది దినములు ఆలస్యమైనచో కోతయు పది దినములు ఆలస్యమై పైరు తుపానుల కాలమున చేలో నిలిచియుండును. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమపై విరుచుకుపడిన తుపానును చూచినవారికి ఆ పది దినముల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంజను పాడైనపుడు పెద్ద ఖర్చు చేసి, వేసవిలోనే బోరు చేయించి, క్రొత్త లైనర్లు, పిస్టన్లు వేయించుట మంచి పద్ధతియే. అయితే ఓవర్‌హాల్ చేయించి తెచ్చిన పది దినములకే రేడియేటరులో నీరు తగ్గుట చాలమందికి ఎదురగు చిక్కు. కొందరు రోజూ ఒక చెంబుడు నీరు పోసి పని సాగించెదరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఆ చెంబుడు నీరు ఎక్కడికి పోవుచున్నదో తెలిసికొననిచో ఒకనాడు దమ్ము మధ్యలో ఇంజను పట్టివేయును. అప్పుడు చేయించిన ఓవర్‌హాల్ అంతయు వృథా. కావున నీరు కారు చోటును ఏ వరుసలో వెదకవలెనో, దొరికిన పిమ్మట ఏమి చేయవలెనో ఈ పాఠములో తెలిసికొందము.

నీటి పని ఏమిటి?

ఇంజనులో కాలిన డీజిలు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. మరియొక మూడవ వంతు పొగ గొట్టము గుండా పోవును. మిగిలినదానిలో ఎక్కువ భాగమును నీరు మోసికొనిపోయి రేడియేటరు ద్వారా గాలికి అప్పగించవలెను. నీటి పంపు నీటిని బ్లాకులోనికి నెట్టును. ఆ నీరు లైనర్ల చుట్టును, హెడ్డులోను తిరిగి, థర్మోస్టాటు దాటి, పై హోసు పైపు గుండా రేడియేటరు చేరి, చల్లబడి, క్రింది పైపు గుండా మరల పంపునకు వచ్చును.

రేడియేటరు మూత ఉత్త మూత కాదు. దానిలో స్ప్రింగు కవాటముండును. నీరు వేడెక్కినపుడు లోపల ఒత్తిడి నిలుపుట దాని పని. మామూలుగా 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగు నీరు, వాతావరణమునకు పైన చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి యున్నచో సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు చెడినచో ఈ మేలు పోవును. నీరు త్వరగా మరగి బయటికి పొంగును. క్రొత్త ఇంజనుకు పాత మూతనే బిగించి, ఇంజను మంచిది కాదని నిందించువారు లేకపోలేదు.

నీరు తగ్గుటయంతయు కారుట కాదు

ఓవర్‌హాల్ అయిన పిమ్మట మొదటిసారి నీరు పోసినపుడు బ్లాకులోను, హెడ్డులోను గాలి చిక్కుకొనియుండును. ఇంజను నడచి వేడెక్కి చల్లారిన పిమ్మట ఆ గాలి బయటికి వచ్చి నీటి మట్టము దిగును. ఇట్లు ఒకటి రెండుసార్లు దిగుట సహజము.

రెండవ కారణము నీటి వ్యాకోచము. మామూలు చల్లని నీరు మరుగు దశకు వచ్చుసరికి నూటికి సుమారు నాలుగు పాళ్ళు పెరుగును. పది లీటర్ల నీరు పట్టు ఇంజనులో ఇది దాదాపు 400 మిల్లీలీటర్లు. పక్కన ప్లాస్టిక్ సీసా లేని రేడియేటరును గొంతు దాకా నింపినచో ఆ పెరిగిన నీరు పైనుండి పొర్లిపోవును. మరునాడు చూచి నీరు కారినదని భయపడి మరల గొంతు దాకా నింపినచో మరల పొర్లును. కావున పుస్తకములో చూపిన గుర్తు వరకే నింపవలెను.

ఈ రెండును కాక నీరు తగ్గుచున్నదా యని తేల్చుటకు ఒక చిన్న నోటుపుస్తకము చాలును. ప్రతి ఉదయము, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నపుడు, ట్రాక్టరును సమముగా ఉన్న చోట నిలిపి మట్టము చూడుడు. ఎన్ని గంటలు నడచినది, ఎంత నీరు పోసితిరి అను రెండు అంకెలు వ్రాయుడు. నీటిని చెంబుతో కాక కొలత సీసాతో పోయుడు. నాలుగు దినములు వ్రాసినచో సంగతి తేలిపోవును. మొదటి దినము అర లీటరు పట్టి, తరువాత ఏమియు పట్టనిచో అది గాలి. ప్రతి దినము పావు లీటరు చొప్పున పట్టుచున్నచో అది కారుటయే.

విప్పకముందు కారలేదు, ఇప్పుడెందుకు?

"ఏమండీ మేస్త్రీగారూ, విప్పకముందు చుక్క కారలేదండీ. మీ చేయి పడ్డాకే కారుతోంది" అని రైతు అడుగును. "బ్లాకు కడిగితే పాత తుప్పు ఊడిందండీ. ఇన్నాళ్ళూ ఆ తుప్పే బిరడాలాగా పనిచేసింది" అని మేస్త్రి చెప్పును. ఇది తప్పించుకొను మాట వలె తోచును. కాని చాలసార్లు నిజమే. ఏండ్ల తరబడి పేరుకొన్న తుప్పు, సున్నపు పొర చిన్న చిన్న చిల్లులను, పగుళ్ళను పూడ్చియుంచును. ఓవర్‌హాలులో బ్లాకును మందునీళ్ళలో వేసి కడిగినపుడు ఆ పొర పోయి దాగిన చిల్లు బయటపడును. ప్రక్కనుండు రేకు మూతలు లోపలి వైపు తుప్పుపట్టి కాగితము వలె పలుచనై యుండుట సామాన్యము. ఓవర్‌హాలులో వానిని మార్చకుండుట పొదుపు కాదు.

అయితే మేస్త్రి పనిలో లోపములును ఉండవచ్చును. లైనరు దింపునపుడు ఓ-రింగు తెగుట, హెడ్డు ముఖము చదునుగా లేకుండుట, బోల్టులు వరుస తప్పి బిగించుట, పాత గాస్కెట్టు ముక్కలు పూర్తిగా గీకకుండుట మొదలగునవి. ఎవరి లోపమని తగవులాడుటకు ముందు నీరు కారు చోటును తేల్చవలెను. చోటు తెలిసినచో లోపమెవరిదో దానంతట అదే తెలియును.

మన ప్రాంతపు నీటి దోషము

నరసాపురము వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రమునకు చేరువలో నున్నది. వేసవిలో నదిలో ప్రవాహము తగ్గినపుడు పోటుతోపాటు ఉప్పునీరు ఎగువకు వచ్చును. తీరము దగ్గరి బోర్లలో చాలచోట్ల ఉప్పు నీరే పడును. ఆ నీటిని రేడియేటరులో పోసినచో అందలి ఉప్పు ఇనుమును, అల్యూమినియమును, రేడియేటరు అతుకులను తినివేయును. సబ్బు నురగ రాని నీటిలో సున్నపు పాలు ఎక్కువ. అది వేడి తగులు చోట్ల పెచ్చు కట్టి, వేడి నీటిలోనికి పోకుండ అడ్డుపడును. చేపల చెరువుల నీరు అసలే పనికిరాదు.

వరదల కాలమున కాలువలో వచ్చు ఎర్రనీటిలో ఒండ్రు ఎక్కువ. పొలమునకు ఒండ్రు బలము, ఇంజనుకు ఒండ్రు రోగము. పంపు తోడిన నీటిలో కొంత భాగమునే త్రిప్పి ఇంజనును చల్లార్చుకొను పంపుసెట్టులలో ఈ ఒండ్రు బ్లాకు అడుగున పేరుకొనును. అట్టి ఇంజన్ల యజమానులు నీటి గొట్టమునకు సన్నని జాలి కట్టి, పంటకొకసారి బ్లాకు కుళాయి విప్పి కడుగుచుండవలెను.

"మన ఊరిలో నీరు గడ్డకట్టదు కదా, కూలెంటు ఎందుకు?" అని అడుగువారున్నారు. కూలెంటు చలికి మాత్రమే కాదు. అది తుప్పును ఆపును, నీరు మరగు వేడిని పెంచును. లైనరు వెలుపలి ముఖమున పడు గుంటలను గూడ మంచి కూలెంటు అడ్డుకొనును. పిస్టను దెబ్బలకు లైనరు సూక్ష్మముగా అదరును. ఆ అదురుకు నీటిలో చిన్న బుడగలు పుట్టి, పగిలి, సూదితో పొడిచినట్లు ఇనుమును కొరుకును. కొంతకాలమునకు లైనరుకు చిల్లి పడును. కూలెంటులోని మందు లైనరుపై పలుచని పొర కట్టి దీనిని నివారించును. ఇంజను పుస్తకములో చెప్పిన రకమును, చెప్పిన పాళ్ళలో, శుద్ధమైన నీటితో కలిపి వాడవలెను. బ్యాటరీకి పోయు నీరు శ్రేష్ఠము. అది దొరకనిచో మంచినీళ్ళ ప్లాంటులో శుద్ధిచేసిన నీరు, లేదా శుభ్రముగా పట్టిన వాన నీరు వాడవచ్చును. రెండు రంగుల కూలెంట్లను కలుపరాదు.

వెదకు వరుస

విప్పుట సులభము, మరల సరిగా బిగించుట కష్టము. కావున విప్పనక్కరలేని పరీక్షలు ముందు, విప్పవలసినవి తరువాత.

1. కడిగి చూచుట. ఇంజను చల్లారిన పిమ్మట మట్టి, నూనె లేకుండ కడిగి ఆరబెట్టుడు. రాత్రి దాని క్రింద శుభ్రమైన అట్ట పరచుడు. ఉదయము తడి ఎక్కడ పడినదో చూచి, దానికి సరిగా పైన వెదకుడు. నీరు పైనుండి జారి వేరొకచోట చుక్కగా పడును. కనుక తడి యొక్క పై కొసయే అసలు చోటు. అనుమానము గల చోట, ఇంజను ఆగియున్నపుడు, ముఖమునకు వ్రాసికొను పౌడరు పలుచగా చల్లినచో నీటి జాడ గీత వలె స్పష్టముగా కనబడును. పాత జాడలు తెల్లగాగాని, తుప్పు రంగులోగాని, కూలెంటు రంగులోగాని మరకలై యుండును.

2. హోసు పైపులు, క్లిప్పులు. క్రొత్త ఇంజనుకు పాత పైపులు తగిలించినచో ముందు అవే కారును. పైపును నొక్కి చూడుడు. పగుళ్ళు, ఉబ్బు, మెత్తదనము ఉన్నచో మార్చుడు. పైపు ఎక్కు గొట్టముపై తుప్పు గరుకుగా నున్నచో ఎంత బిగించినను ఆగదు. ఆ గరుకును రుద్ది నునుపు చేయవలెను. తీగతో చుట్టి బిగించు పద్ధతి మానవలెను. తీగ పైపును కోయును.

3. నీటి పంపు. పంపు అడుగున చిన్న రంధ్రముండును. లోపలి సీలు చెడినచో నీరు అందుండి కారి మనకు హెచ్చరిక చేయును. ఆ రంధ్రమును మైనముతోగాని మేకుతోగాని మూయరాదు. మూసినచో నీరు బేరింగులోనికి పోయి పంపు పట్టివేయును. విడువక కారుచున్నచో సీలుగాని పంపుగాని మార్చుటయే మందు.

4. ఒత్తిడి పరీక్ష. చల్లని ఇంజనుకు నీరు నింపి, రేడియేటరు మూత స్థానమున చేతి పంపు పరికరము బిగించి, మూతపై ముద్రించిన ఒత్తిడి వరకు గాలి కొట్టి పదిహేను నిమిషములు చూడవలెను. ముల్లు నిలిచినచో మంచిది. ముల్లు దిగి, వెలుపల తడి కనబడినచో చోటు దొరికినట్లే. ముల్లు దిగియు వెలుపల ఎక్కడను తడి లేనిచో నీరు లోపలికి పోవుచున్నదని అర్థము. ఈ పరికరము పట్టణములోని మంచి వర్కుషాపులలో ఉండును. టైర్ల దుకాణపు గాలి గొట్టమును రేడియేటరుకు ఎన్నడును తగిలించరాదు. ఆ ఒత్తిడికి రేడియేటరు పగులును.

మూతను కూడ ఇదే పరికరముతో పరీక్షింపవచ్చును. చెప్పిన ఒత్తిడి నిలుపని మూతను పారవేయుడు.

లోపలికి కారు నీటి జాడలు

నీరు లోపలికి పోవుటకు మూడు దారులు గలవు. చమురులోనికి, సిలిండరులోనికి, లేదా సిలిండరు నుండి గ్యాసు నీటిలోనికి.

చమురులోనికి: డిప్ స్టిక్ తీసి చూడుడు. చమురు మట్టము పెరిగినను, చమురు మజ్జిగ కలిపిన కాఫీ వలె తెల్లబారినను నీరు కలిసినట్లే. చమురు మూత లోపల మాత్రము కొద్దిగా తెల్లని నురగ ఉన్నచో అది ఉదయపు చెమ్మ కావచ్చును. తేల్చుకొనుటకు రెండు చుక్కల చమురు తీసి, ఇంజనుకు దూరముగా, వేడి పెనముపై వేయుడు. చిటపటలాడినచో నీరున్నది. ఈ పెనమును మరల వంటకు వాడరాదు. రాత్రియంతయు నిలిచిన ఇంజను చమురు మరను మెల్లగా వదులు చేసినచో, నీరు చమురుకంటె బరువు కనుక ముందు నీరే వచ్చును.

నీరు కలసిన చమురుతో ఇంజనును ఒక్క గంటయు నడుపరాదు. నీరు, కూలెంటు కలిసిన చమురు బేరింగులను కాపాడలేదు. క్రొత్తగా వేసిన బేరింగులు ముందు పోవును.

చమురు ఛాంబరు విప్పి, బ్లాకులో నీరుండగా క్రిందినుండి దీపముతో చూచినచో ఏ లైనరు చుట్టు నీటి బొట్లు దిగుచున్నవో కనబడును. లైనరు వెలుపలినుండి దిగినచో ఓ-రింగు దోషము. లైనరు లోపలినుండి, పిస్టను మీదుగా దిగినచో గాస్కెట్టుగాని, హెడ్డు పగులుగాని, లైనరు చిల్లిగాని యని గ్రహింపవలెను. చమురును నీటితో చల్లార్చు కూలరు గల ఇంజన్లలో దానిని గూడ పరీక్షించుట మరువరాదు.

సిలిండరులోనికి: వేడెక్కిన పిమ్మట గూడ పొగ గొట్టమున తెల్లని ఆవిరి విడువక వచ్చుట దీని జాడ. ఉదయము మొదటి నిమిషములలో వచ్చు తెల్ల పొగ వేరు. రాత్రి నిలిచిన ఇంజను ఉదయము తిరుగక బిగిసినట్లున్నచో బలవంతముగా స్టార్టరు నొక్కరాదు. సిలిండరులో నీరు నిండియుండవచ్చును. నీరు నలగదు. పిస్టను దానిని ఢీకొన్నచో కనెక్టింగు రాడ్డు వంగును. ఇంజెక్టర్లు తీసి, ఇంజనును చేతితో త్రిప్పి నీటిని వెళ్ళగొట్టవలెను.

గ్యాసు నీటిలోనికి: చల్లని ఇంజనులో నీరు గొంతు దాకా నింపి, మూత తీసి యుంచి, పంపు బెల్టు తీసి, ఇంజనును ఒక్క నిమిషము మాత్రము నడుపుడు. బుడగలు విడువక వచ్చుచున్నచో సిలిండరు గ్యాసు నీటిలోనికి చొరబడుచున్నదన్నమాట. గాలి చిక్కుకొన్న క్రొత్త ఇంజనులో ఒకసారి వేడెక్కించి చల్లార్చిన పిమ్మటనే ఈ పరీక్ష నమ్మదగినది. బెల్టు లేకుండ నిమిషము మించి నడుపరాదు. ఏ సిలిండరు దోషమో తెలియుటకు మెకానిక్కు ఒక్కొక్క ఇంజెక్టరు పైపు మరను వదులు చేసి చూచును. బుడగలు ఎక్కడ తగ్గునో అదియే దోషము గల సిలిండరు. డీజిలు ధాటి చర్మమును చీల్చగలదు, చేయి దగ్గరకు పోనీయరాదు. కామన్ రైలు గల క్రొత్త ఇంజన్లలో ఈ పైపులను నడచుచుండగా వదులు చేయుట నిషిద్ధము.

హెడ్డు విప్పవలసివచ్చినచో

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే హెడ్డు విప్పవలెను. వేడిమీద విప్పినచో వంకర తిరుగును. తీసిన గాస్కెట్టును పారవేయక ముందు చదువుడు. అది సాక్ష్యపత్రము వంటిది. నల్లగా కాలిన గీత సిలిండరు నుండి నీటి రంధ్రము వైపు పోయినచో గ్యాసు దారి అదే.

తరువాత ఈ నాలుగు కొలతలను మీ కన్నుల యెదుట తీయించుడు.

మొదటిది, హెడ్డు చదును. నిలువుబద్ద పెట్టి ఫీలర్ గేజితో నిలువున, అడ్డముగ, మూలనుండి మూలకు కొలువవలెను. అనేక ఇంజన్లలో పనికివచ్చు తేడా మిల్లీమీటరులో పదవ వంతు లోపలనే. మించినచో ఫేసింగు చేయించవలెను.

రెండవది, బ్లాకు ముఖము. హెడ్డును మాత్రము ఫేసింగు చేయించి బ్లాకును చూడకుండుట సగము పని.

మూడవది, లైనరు ఎత్తు. నీటిలో నిలుచు లైనర్లు బ్లాకు ముఖముకంటె కొంచెము పైకి ఉండవలెను. ఎంత ఎత్తు అనునది ఇంజను పుస్తకములో ఉండును. ఒక లైనరు పొడుగు, ప్రక్కది పొట్టి అయినచో పొట్టి లైనరు వద్ద గాస్కెట్టు నొక్కుకొనక గ్యాసు పోవును. లైనరు కూర్చుండు గట్టుపై తుప్పు పెచ్చు, మట్టి మిగిలినను ఎత్తు తప్పును.

నాల్గవది, హెడ్డు పగులు. కవాటముల నడుమ పగుళ్ళు కంటికి కనబడకపోవచ్చును. మెషిన్ షాపులో నీటి దారులు మూసి, గాలి నింపి, వేడినీటిలో ముంచి బుడగలు చూచు పరీక్ష చేయించుడు. 17వ శతాబ్దమున మన నరసాపురము ఓడల నిర్మాణమునకు, మరమ్మతులకు పేరుపొందినది. పలకల సందులలో నార కూరిన పిమ్మట నీటిలో నిలిపి చూడనిదే ఓడ సరకునకు పనికివచ్చునని చెప్పరు. హెడ్డుకును అంతే.

బిగించునపుడు బోల్టు రంధ్రములలో నీరు, చమురు లేకుండ తుడువవలెను. అడుగు మూసియున్న రంధ్రములో ద్రవము మిగిలినచో బోల్టు దిగునపుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగులవచ్చును. నీటి దారిలోనికి దిగు బోల్టులకు మరలపై సీలు మందు పూయవలెను. లేనిచో నీరు మరల వెంట ప్రాకి పైకి వచ్చును. సాగిన బోల్టులు మార్చవలెను. నడిమి బోల్టులతో మొదలుపెట్టి రెండువైపుల కొసలకు పోవుచు, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో పుస్తకములోని అంకె వరకు బిగించవలెను. చేతి అంచనా పనికిరాదు. కొన్ని గాస్కెట్లకు కొన్ని గంటలు నడచిన పిమ్మట మరల బిగింపు అవసరము, కొన్నిటికి అక్కరలేదు. ఏది మీదో అడిగి వ్రాసికొనుడు. మరల బిగించినచో కవాటముల సందు కూడ సరిచూడవలెను.

ఓ-రింగులు మార్చునపుడు గాడిని నునుపుగా శుభ్రము చేసి, తయారీదారు చెప్పిన జారుడు మందు మాత్రమే పూయవలెను. కొన్ని రకముల రబ్బరు ఇంజను చమురు తగిలినచో ఉబ్బి చెడును. లైనర్లు దింపిన పిమ్మట, పిస్టన్లు వేయకముందు, బ్లాకులో నీరు నింపి రాత్రియంతయు నిలిపి క్రిందినుండి చూచినచో తరువాత పది దినముల శ్రమ తప్పును. ఈసారి ఓవర్‌హాలుకు ఇచ్చునపుడే ఈ మాట మేస్త్రిగారితో చెప్పియుంచుడు.

పసుపు వేయవచ్చునా?

రేడియేటరు కారుచున్నపుడు గుప్పెడు పసుపు వేయు అలవాటు మన ఊళ్ళలో గలదు. పసుపు చిన్న చిల్లిలో చిక్కుకొని కొంతసేపు ఆపును. నడి త్రోవలో చిక్కుకొన్నవాడు ఇల్లు చేరుటకు అది ఉపాయమే. కాని అదే పసుపు రేడియేటరు సన్న గొట్టములలోను, థర్మోస్టాటులోను పేరుకొని నీటి దారిని మూయును. చిల్లి ఒకచోట మూసి వేడి అంతట పెంచును. కారుట ఆపునని అమ్ము మందులకును ఈ మాటయే వర్తించును. ఒకవేళ వేసినచో ఇల్లు చేరిన వెంటనే నీటి దారులన్నియు కడిగించి అసలు చిల్లిని బాగుచేయించుడు. థర్మోస్టాటు తీసివేసి నడుపుటయు మందు కాదు. ఇంజను తగిన వేడికి రాక లైనర్లు త్వరగా అరుగును.

ప్రాణభయము గల సంగతులు

వేడిగానున్న రేడియేటరు మూతను విప్పరాదు. మూత వదులగుటతోనే ఒత్తిడి పోయి నీరంతయు ఒక్కసారి మరగి ముఖముపైకి ఎగయును. కనీసము అరగంట, అవసరమైనచో గంట ఆగి, పై హోసు పైపు చేతితో పట్టుకొనగలిగినపుడు, మందపు గోనెపట్టా కప్పి, మొదటి గాడి వరకే త్రిప్పి, బుస్సుమను శబ్దము ఆగిన పిమ్మట పూర్తిగా తీయుడు. ఒళ్ళు కాలినచో ఇరువది నిమిషములు చల్లని శుభ్రమైన నీరు ధారగా పోసి ఆసుపత్రికి పోవలెను. సిరా, పేస్టు, నూనె పూయరాదు.

దమ్ములో వేడి ముల్లు ఎర్ర గుర్తు చేరినచో వెంటనే పని ఆపుడు. నీరు చిమ్ముచున్నచో ఇంజను ఆపివేయుడు. నీరు నిలిచియున్నచో బరువు తీసి, మెల్లగా కొన్ని నిమిషములు నడువనిచ్చి ఆపుడు. కాలుచున్న ఇంజనులో చల్లని నీరు పోసినచో హెడ్డు, బ్లాకు పగులును.

కూలెంటు తియ్యగా నుండి పశువులను, కుక్కలను, పిల్లలను ఆకర్షించును. అది విషము. తీసిన కూలెంటును డబ్బాలో పోసి మూతపెట్టి దాచవలెను. బోదెలోగాని, చేపల చెరువులోగాని, పశువుల కుడితి దగ్గరగాని పారబోయరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఉదయము చల్లని ఇంజనులో మట్టము చూచి అంకె వ్రాయుడు. చమురు పుల్ల తీసి రంగు చూడుడు. రేడియేటరు రేకుల నడుమ చిక్కిన గడ్డి, బురద కడుగుడు. ఉప్పునీరు పోయకుడు. మూత, బెల్టు, హోసు పైపులు ఓవర్‌హాలుతోపాటే మార్పించుడు. మేస్త్రి తీసిన కొలతలను బిల్లు వెనుక వ్రాయించుకొనుడు. తీరిక దినములలో ట్రాక్టరు పని నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణా సంస్థ గలదు. ఊరికి ఒక్కరు నేర్చివచ్చినను ఊరందరికి మేలు.

ఇంజను తన బాధను నోటితో చెప్పలేదు. నీటి మట్టము, చమురు రంగు, పొగ రంగు, ఈ మూడే దాని మాటలు. లాకులు ఎత్తకముందే వానిని విని బాగుచేయించుకొన్న రైతుకు, బోదెలో నీరు పారిన నాడు ట్రాక్టరు సిద్ధముగా నుండును.